అలసటకును మైకమునకును ఆంగ్లజనులు పెట్టుకొన్న పేర్లు

ఆంగ్లభాషను పుస్తకములద్వారా నేర్చినవారికి ఒడలు డస్సినవానిని గూర్చి చెప్పుటకు 'టైర్డ్' అనియు, త్రాగి మైకమున నున్నవానిని గూర్చి చెప్పుటకు 'డ్రంక్' అనియు రెండు మాటలు తెలిసియుండును; మరికొంత చదివినవారికి 'ఎగ్జాస్టెడ్', 'ఇంటాక్సికేటెడ్' అను లాటిను పుట్టుకగల గంభీరపదములు రెండు తోడగును. ఇంతతో తమ అవసరము తీరినదని వారు తలచుట సహజమే. కాని వారే లండను నగరమున పనివేళ ముగిసిన పిమ్మట ఒక పబ్బు వాకిటనో, గ్లాస్గోలో బస్సు దిగుచున్న పనివారినడుమనో, చికాగోలో రాత్రిపాళీ ముగించి ఇంటికి మరలుచున్న నర్సులనడుమనో నిలిచి చెవియొగ్గినచో ఈ నాలుగు మాటలు అరుదుగా వినబడును. అలసినవారు తాము 'నాకర్డ్' అనియో, 'షాటర్డ్' అనియో, 'బీట్' అనియో, 'పూప్డ్' అనియో చెప్పుకొందురు. త్రాగినవానిని 'హామర్డ్' అనియో, 'ప్లాస్టర్డ్' అనియో, 'సాజిల్డ్' అనియో, కాళ్లులేనివాడను అర్థమున 'లెగ్‌లెస్' అనియో పేర్కొందురు. 'రెక్డ్', 'జాంక్డ్', 'వైప్డ్ అవుట్' మొదలగు మాటలైతే ఏ పక్షమునకు చెందినవో సందర్భము తెలిసినగాని తేలదు. అవి అలసటకును చెల్లును, మైకమునకును చెల్లును.

ఈ మాటలను పండితులు చిరకాలము వీధిమాటలుగా తీసివేసిరి. దొంగల భాషయనియు, సోమరుల భాషయనియు, సభ్యులు పలుకదగనిదనియు వారు తలచుటచే నిఘంటువులయందు వీనికి చోటు దొరకలేదు. ఆ అభిప్రాయముతో నాకు ఏకీభావము లేదు. ఒక జాతి ఏయే పనులు చేసి బ్రతికినదో, ఏయే యుద్ధములు చేసినదో, ఏ యోడలలో తిరిగినదో, దేనిని చెప్పుకొనుటకు సిగ్గుపడినదో ఆ జాతియొక్క అలసటనుడులును మైకపునుడులును చెప్పినంత స్పష్టముగా మరియే పదసముదాయమును చెప్పజాలదని నా నమ్మకము. కావున ఈ విషయమై ఇంతవరకు జరిగిన సంగ్రహణమును, పరిశీలనమును ఒకమారు సమీక్షించి, అందు ఏది నిలుచునో, ఏది నిలువదో విచారింపవలసియున్నది.

మైకపు పేర్లను వర్గీకరింపబూనిన ప్రయత్నములలో ప్రసిద్ధమైనది ఎలిజబెతు రాణి కాలమునాటిది. 1592లో థామస్ నాష్ అను రచయిత తన 'పియర్స్ పెనిలెస్' అను గ్రంథమున త్రాగుబోతులను ఎనిమిది తెగలుగా విభజించెను. ఎగిరి గంతులు వేసి పాడువాడు కోతిమైకము గలవాడు; పాత్రలు విసరి తగవులాడువాడు సింహమైకము గలవాడు; మొద్దువలె పడియుండి ఇంకను కొంచెము పోయుమనువాడు పందిమైకము గలవాడు; నోట మాట సరిగా రాకున్నను తన్ను జ్ఞానిగా తలచుకొనువాడు గొఱ్ఱెమైకము గలవాడు; ఇట్లే మేకయు, నక్కయు ఆ వరుసలో చేరినవి. వీరినడుమ ప్రేమ పొంగి పొరలి కన్నీరు కార్చువానికి అతడు వాడిన 'మాడ్లిన్' అను విశేషణము చిత్రపటములలో తరచుగా విలపించుచు కనబడు మేరీ మగ్దలీనుయొక్క పేరునుండి వచ్చినది. అది నేటికిని ఆంగ్లమున బ్రతికియున్నది. నాష్ దృష్టి నీతిబోధకుని దృష్టి. అతనికి కావలసినది మాటల సంఖ్య కాదు, మనుష్యుని స్వభావము. తరువాతివారు సంఖ్యకు మరిగి ఈ దృష్టిని కోల్పోయిరని నేను భావించుచున్నాను.

సంఖ్యకు దారితీసినవాడు అమెరికా దేశపు మహాపురుషులలో నొకడగు బెంజమిన్ ఫ్రాంక్లిను. పదునారేండ్ల ప్రాయమున, 1722లో, సైలెన్స్ డూగుడ్ అను వితంతువు పేరు పెట్టుకొని బోస్టను పత్రికకు వ్రాసిన లేఖలలో నొకదానియందు అతడు త్రాగుబోతులు తమ స్థితిని కప్పిపుచ్చుకొనుటకు వాడు మాటలను కొన్నింటిని చేర్చి చూపెను. పిమ్మట 1737 జనవరి 13వ తేదీన తన 'పెన్సిల్వేనియా గెజెట్' పత్రికలో 'డ్రింకర్స్ డిక్షనరీ' అను పేరుతో రెండువందలకు పైబడిన నుడికారములను అకారాదిక్రమమున ప్రకటించెను. ఇవి అన్యభాషలనుండి గాని, పండితుల గ్రంథములనుండి గాని తెచ్చినవి కావనియు, పానశాలలయందలి సంభాషణలనుండి యేరినవనియు అతడు చెప్పుకొనెను. వానిని చదువునపుడు ఆనాటి ఫిలడెల్ఫియా రేవుపట్టణము కన్నులకు కట్టును. 'చుక్కాని పోగొట్టుకొన్నాడు', 'జెండా ఎగురవేసినాడు' అనునవి నావికుల మాటలు. 'బార్బడోసు పోయివచ్చినాడు' అనుట ఆ ద్వీపమునుండి వచ్చు రమ్ము సారాయిని సూచించును. 'జెరూసలేము పోవుచున్నాడు' అనుట బైబిలు చదివిన ఇండ్లలో పుట్టినది. 'చంద్రులమందను చూచినాడు' అనుటలో కన్నులు చెదరినవాని అనుభవమే యున్నది. ఆ సంగ్రహమున నన్ను మిక్కిలి ఆకర్షించు గుణమేమనగా, అందు హింస తక్కువ. త్రాగినవాడు ప్రయాణము చేసినట్లో, దారితప్పినట్లో, పండుగ చేసికొన్నట్లో ఆ మాటలు చెప్పును గాని, ఎవరో అతనిని సుత్తితో మోదినట్లు చెప్పుట అరుదు.

ఫ్రాంక్లినుకు తరువాత ఇంగ్లండున 1785లో ఫ్రాన్సిస్ గ్రోస్ అను మాజీ సైనికోద్యోగి లండను సందులలో విన్న మాటలను ఒక నిఘంటువుగా కూర్చెను. ఇరువదవ శతాబ్దిలో న్యూజీలండున పుట్టి ఇంగ్లండున స్థిరపడిన ఎరిక్ పార్ట్రిడ్జ్ 1937లో ప్రకటించిన మహాకోశము ఈ విద్యకు గౌరవము తెచ్చినది. 2010లో జొనాథన్ గ్రీన్ మూడు సంపుటములుగా వెలువరించిన కోశము ప్రతి మాటకును తేదీలతోకూడిన ప్రయోగములను చూపినది. అమెరికాలో మద్యనిషేధము అమలుననున్న 1927లో ఎడ్మండ్ విల్సన్ అను విమర్శకుడు నూటికి పైబడిన మైకపు మాటలను కూర్చి, అకారాదిగా గాక తీవ్రతాక్రమమున, లేతమైకమునుండి ముదిరినదానివరకు నిలిపెను. చట్టము సీసాను దాచగలిగినను మాటను దాచలేకపోయెనని చెప్పుటకు అంతకంటె మంచి సాక్ష్యము లేదు. పాల్ డిక్సన్ అను గ్రంథకర్త 2009లో 2,964 మాటలను చేర్చి ఒక గ్రంథమే ప్రకటించెను. ఈ పట్టికల శ్రమను నేను గౌరవింతును. ఐనను మూడువేల మాటలను వరుసగా పేర్చినంతమాత్రమున ఒక మాట ఏల పుట్టినదో, ఏల నిలిచినదో తెలియదు. అందు అనేకము ఒక్కమారు ఒక్కనిచే పలుకబడి అంతరించినవి.

ఏల పుట్టుచున్నవను ప్రశ్నకు సమాధానము చెప్పబూనినవారిలో ఇటీవలివారు జర్మనీ దేశమున పనిచేయు క్రిస్టినా సాంచెజ్-స్టాక్‌హామర్, పీటర్ ఉహ్రిగ్ అను భాషాశాస్త్రజ్ఞులు. సంపన్న వర్గమునకు చెందిన ఆంగ్లేయుడు ఏ నామవాచకమునకైనను చివర 'ఎడ్' ప్రత్యయము చేర్చి మైకమను అర్థము తెప్పింపగలడని మైకేల్ మెకింటైర్ అను హాస్యనటుడు వేదికపై చెప్పినమాటను వీరు శాస్త్రీయముగా పరీక్షించి, 2024లో ఒక వ్యాసము ప్రకటించిరి. వారు కూర్చిన మైకపుమాటలు 546. ఆ మాటల యాకారమును, పరిసరమును చూడగా వారికి తోచినదేమనగా, 'వాడు నిన్నరాత్రి పూర్తిగా' అని మొదలిడి 'ఎడ్' అని ముగిసిన వాక్యము వినినంతనే శ్రోత మైకమును ఊహించుకొనును. నడుమనున్న మాట తోటలోని మంటపమైనను, కారు నిలుపు స్థలమైనను అతనికి అడ్డుకాదు. అనగా అర్థము పదమునందు గాక వాక్యపు అచ్చునందు నిలిచియున్నదని వారి సిద్ధాంతము.

ఈ సిద్ధాంతము కొత్త మాటల పుట్టుకకు చక్కగా సరిపోవుచున్నది. దీనిని తోసిపుచ్చుట సాధ్యము కాదు. కాని మాటల మనుగడకు ఇది చాలదు. మంటపమునుండి పుట్టిన 'గజీబోడ్' అను మాట నవ్వు పుట్టించి పోవును. 'హామర్డ్', 'స్మాష్డ్', 'రెక్డ్' అనునవి తరములు గడచినను నిలిచియున్నవి. నిలిచినవానినన్నింటిని ఒకచోట చేర్చి చూచినచో వాని వెనుక మనుష్యుడు ఎరిగిన ఒక వృత్తియో, ఒక యాపదయో, దెబ్బతిన్న ఒక వస్తువో కనబడును. అచ్చు మాటను పోతపోయవచ్చును గాని దానికి ఆయుర్దాయమునిచ్చునది అనుభవమే.

ఇందుకు ప్రథమసాక్షులు ఓడలవారు. మైకమును చెప్పు 'త్రీ షీట్స్ టు ది విండ్' అను నుడిని విని చాలమంది 'షీట్' అనగా తెరచాప యనుకొందురు. అది పొరపాటు, ఓడవారి భాషలో 'షీట్' అనగా తెరచాపయొక్క క్రిందికొనను బిగించియుంచు త్రాడు. ఆ త్రాడు వదులైనచో చాప గాలికి కొట్టుకొని ఓడ పట్టుతప్పును. ఒక్క త్రాడు వదులైనచో ఒకింత తూలును. మూడును వదులైనచో ఓడను నడుపుట యసాధ్యము. ఒడ్డున త్రాగి తూలుచు వచ్చు తోడినావికుని చూచి ఈ పోలికను మొదట పలికినవాడెవడో తెలియకున్నను, ఆ తూలుట యెట్టిదో, అది యెంత ప్రమాదకరమో అతడు ప్రాణముమీదికి తెచ్చుకొని యెరిగినవాడనుటలో సందేహము లేదు. 'హాఫ్ సీస్ ఓవర్' అనునది కూడ సముద్రపు మాటయే.

ఐతే ఓడలవారిచ్చిన మాటలన్నింటిలో ఈ సమీక్షకు ముఖ్యమైనది 'గ్రాగీ'. ఆంగ్లేయ నౌకాదళమున నావికులకు ప్రతిదినము రమ్ము ఇచ్చు ఆచారముండెను. దానిని నీరు కలుపక ఒక్క గుక్కలో త్రాగి నావికులు మతిమాలి పడుచుండగా, ఎడ్వర్డ్ వెర్నన్ అను నౌకాధిపతి 1740లో రమ్మునకు నాలుగింతల నీరు కలిపి ఇయ్యవలసినదని ఉత్తరువు చేసెను. ఆయన ఎల్లప్పుడు 'గ్రోగ్రమ్' అను ముతక వస్త్రముతో కుట్టిన అంగీ ధరించువాడగుటచే నావికులు ఆయనను 'ఓల్డ్ గ్రాగ్' అని పిలుచుచుండిరి. ఆ పేరే నీరు కలిపిన రమ్మునకు సంక్రమించినది. 'గ్రాగ్' త్రాగి తూలువాడు 'గ్రాగీ' యయ్యెను. పిదప ముష్టియుద్ధపు గోదాలో దెబ్బలు తిని మోకాళ్లు వణకుచు నిలుచువానికి ఆ మాట చెల్లెను. అచ్చటినుండి నిద్రచాలక, జ్వరముచే నీరసించి, బుద్ధి మందగించి యున్నవానికెల్ల వర్తించెను. నేడు ఉదయముననే 'గ్రాగీ'గా నున్నదని చెప్పువారిలో రమ్మును ఎరుగనివారే యెక్కువ. ఆ రమ్ము పంపిణీ నౌకాదళమున 1970 జులై 31వ తేదీన నిలిచిపోయినది. మాట మాత్రము నేటికిని సాగుచున్నది.

మైకపుమాట అలసటమాటగా మారిన ఈ మార్గమున ముష్టియోధుని దేహము ఒక మజిలీ యని గుర్తింపవలెను. అదే గోదానుండి పుట్టిన మరియొక మాట వైద్యశాస్త్రమున ప్రవేశించినది. తలపై దెబ్బలు తిని తిని, ఏండ్లు గడచినపిమ్మట, చుక్క త్రాగకయే త్రాగినవానివలె తడబడు యోధులను అభిమానులు 'పంచ్ డ్రంక్' అనుచుండిరి. న్యూజెర్సీకి చెందిన హారిసన్ మార్ట్‌లాండ్ అను వైద్యుడు 1928లో అమెరికా వైద్యసంఘపు పత్రికయందు ఆ మాటనే శీర్షికగా పెట్టి, అది మెదడునకు కలిగిన గాయముయొక్క ఫలమని ప్రతిపాదించెను. గోదాచుట్టును కూర్చున్న సామాన్యులు ఒక పేరు పెట్టి, ఒక లక్షణమును గుర్తించియుండగా, పండితులు దానికి చాల వెనుక వచ్చి చేరిరి. వీధిమాటను నిరాదరించుటవలన శాస్త్రమునకు నష్టమే కలుగునని చెప్పుటకు ఇంతకంటె ఏమి కావలెను?

ఇక అలసటనుడులలో బ్రిటనున నేడు రాణించుచున్నది 'నాకర్డ్'. దీని పుట్టుక బాధాకరమైనది. ముసలివై, కుంటివై, ఇక బండిలాగలేని గుఱ్ఱములను కొని, చంపి, చర్మమును, డెక్కలను, ఎముకలను, మాంసమును వేర్వేరుగా అమ్ముకొనువానికి 'నాకర్' అని పేరు. రైళ్లు వచ్చిన తరువాతకూడ లండనువంటి నగరములు గుఱ్ఱములచేతనే నడచినవి. వీధిబండ్లు, బాడుగబండ్లు, బొగ్గుబండ్లు అన్నింటిని లాగినవి అవియే. లాగినంతకాలము మేత, లాగలేనినాడు నాకరు దొడ్డి. ఆ గుఱ్ఱములతో సమానముగా చాకిరి చేసిన బండ్లవారును, కూలివారును సాయంకాలమున తమ యలసటను చెప్పుకొనుటకు ఈ మాటను ఎన్నుకొన్నారన్నచో, తమ గతియు ఆ దొడ్డియే యని వారికి తోచియుండుననుట సాహసము కాదు. ఈ మాట విన్నప్పుడెల్ల నాకు నవ్వు రాదు, జాలి కలుగును. తూర్పు లండనువారి అంత్యప్రాసల ఆటలో ఇది 'క్రీమ్ క్రాకర్డ్' అని బిస్కత్తు పేరుగా వేషము వేసికొన్నది. అదే యాటలో త్రాగినవాడు సంగీతకర్తలగు 'బ్రామ్స్ అండ్ లిస్ట్' పేరునను, 'ఎలిఫెంట్స్ ట్రంక్' అను పేరునను వ్యవహరింపబడును.

తక్కిన అలసటనుడులను త్వరగా చూడవచ్చును. అమెరికా ఈశాన్యరాష్ట్రములలో 'టకర్డ్ అవుట్' అనునది పందొమ్మిదవ శతాబ్దినుండి వాడుకలోనున్నది. 'బుష్డ్' అనగా అమెరికనునకు అలసట. ఆస్ట్రేలియావానికి అడవిలో దారితప్పుట. కెనడావానికి ఒంటరితనముచే మతి చలించుట. 'ఫ్యాగ్డ్ అవుట్' అనునది ఇంగ్లండున పాతతరమువారి మాట. దీనిని అమెరికాలో పలుకరాదు, ఏలననగా దాని మొదటిభాగము అచ్చట స్వలింగప్రియులను నిందించు దూషణముగా మారినది. 'బీట్' అను చిన్నమాటకు మాత్రము గొప్ప చరిత్ర పట్టినది. సంచారజీవులును, జాజ్ వాద్యకారులును, బీదలును డస్సి, చేతిలో చిల్లిగవ్వలేని తమ స్థితికి పెట్టుకొన్న ఆ పేరును న్యూయార్కు వీధిజీవి హెర్బర్ట్ హంకీ నోట విని, రచయిత జాక్ కెరువాక్ తన తరమునకు పెట్టెను. 1952 నవంబరు 16వ తేదీన జాన్ క్లెలన్ హోమ్స్ 'న్యూయార్క్ టైమ్స్' వారపత్రికలో దానిని లోకమునకు పరిచయము చేసెను. ఒక సాహిత్యోద్యమమునకు అలసటయే నామధేయమగుట అరుదైన విషయము.

మన దేశపు సంబంధమును చెప్పక ఈ ప్రస్తావనము పూర్తికాదు. తెల్లసిపాయిలు హిందూస్థానీనుండి గ్రహించిన 'పాగల్' అను మాట వారి నోట 'పగుల్డ్' అయి, మొదట మతిచెడినవానికి చెల్లి, స్కాట్లండున చేరునప్పటికి ఊపిరి తీయలేక డస్సినవానికి పేరైనదని స్కాట్ భాషాకోశకారులు చెప్పుదురు. నాసిక్ సమీపముననున్న దేవ్‌లాలీ దండులో, కొలువుగడువు తీరిన సిపాయిలు స్వదేశమునకు పోవు ఓడకొరకు నెలలతరబడి పనిలేక, యెండలో, త్రాగుడుతో, జ్వరములతో వేచియుండి చెడిపోవుచుండిరి. ఆ యూరిపేరునుండియే మతిచెడుటను చెప్పు 'డూలాలీ' అను ఆంగ్లపుమాట పుట్టినది, దానికి మొదట జతగానున్న 'ట్యాప్' జ్వరమను అర్థముగల మన 'తాప'మే. తాటికల్లునకు హిందీ పేరైన 'తాడీ' ఆంగ్లమున 'టాడీ'గా మారి, స్కాట్లండున విస్కీలో వేడినీరు, చక్కెర కలిపిన పానీయమునకు స్థిరపడినది. తెల్లవారు మననుండి మిరియములను, నూలుబట్టలను మాత్రమే గాక తమ మైకమునకును, డస్సుటకును పేర్లనుగూడ తీసికొనిపోయిరి.

ఇంతవరకు మైకము అలసటగా మారిన దారిని చూచితిమి. దానికెదురుగా, అలసట అను మాటచే మైకమును కప్పిపుచ్చుటయు ఆంగ్లమున ఒక స్థిరమైన ఆచారము. 1960వ దశకమున బ్రిటిషు విదేశాంగమంత్రియైన జార్జి బ్రౌను మద్యాసక్తిని గూర్చి అందరికిని తెలిసియుండెను. కాని ఒక మంత్రి త్రాగియున్నాడని అచ్చువేసినచో పరువునష్టపు దావా తప్పదు. 'ప్రైవేట్ ఐ' అను వ్యంగ్యపత్రిక 1967లో అట్టి సందర్భమున వాడదగిన మర్యాదమాటలను గూర్చి వ్రాయుటతో 'టైర్డ్ అండ్ ఎమోషనల్', అనగా 'అలసి, ఆవేశమున నున్నాడు' అనుపదబంధము వ్యాప్తి కెక్కెను. అటుపై బ్రిటిషు పాఠకుడు ఆ రెండు మాటలు జతగా కనబడినచో మూడవది తానే పూరించుకొనును. పార్లమెంటునందును తోటిసభ్యుడు త్రాగియున్నాడనుట నిషిద్ధము. 1983లో క్లేర్ షార్ట్ అను సభ్యురాలు మంత్రి ఆలన్ క్లార్కును గూర్చి ఆ యర్థమునే మరియొక మాటతో సూచించినందుకు సభలో గొప్ప అలజడి కలిగెను. ఆమె సూచించినది నిజమేయని క్లార్కు దినచర్య ప్రకటితమైనపిమ్మట లోకమునకు తెలిసినది. మర్యాదమాట నిజమును చంపదు గాని దానిని చాలకాలము వాకిట నిలుపగలదు. ఇది నాకు మెచ్చదగిన గుణముగా కనబడదు. దేశమును పాలించువాడు మతిలో లేనప్పుడు అతడు అలసినాడనుట జనులకు హితము కాదు.

ఈ రెండు స్థితులను భాష ఇంతగా పెనవేయుట కేవలము వాగ్వైచిత్ర్యమా, లేక దేహమునందే దానికి ఆధారము కలదా? 1997లో డ్రూ డాసన్, కాత్రిన్ రీడ్ అను ఆస్ట్రేలియా పరిశోధకులు 'నేచర్' పత్రికలో ప్రకటించిన చిన్నవ్యాసము దీనికి సమాధానమిచ్చినది. వారు నలువదిమందిచేత ఒకమారు నిద్రమేల్కొనజేసియు, మరియొకమారు మద్యము త్రాగించియు కన్నును, చేతిని కలిపి చేయవలసిన పనిని చేయించిరి. పదునేడు గంటలు మేల్కొనినవాని నేర్పు రక్తమున 0.05 శాతము మద్యమున్నవాని నేర్పునకు దిగజారినది. ఇరువదినాలుగు గంటలు మేల్కొనినవాడు 0.10 శాతమున్నవానితో సమానుడైనాడు. మన దేశపు మోటారువాహన చట్టము 0.03 శాతము దాటినంతనే వాహనము నడుపరాదనుచున్నది. రాత్రంతయు బస్సు నడిపిన డ్రైవరును, ముప్పది గంటలు పాళీ చేసిన యువవైద్యుడును చుక్క త్రాగకయే చట్టపు హద్దు దాటినవారని దీని తాత్పర్యము. కాని మైకమును కొలుచుటకు ఊదుడు యంత్రమున్నది, అలసటను కొలుచుటకు త్రోవలో ఎవరును నిలిచియుండరు. 'రెక్డ్', 'జాంక్డ్' అను మాటలను రెండు స్థితులకును వాడిన సామాన్యులు ప్రయోగశాలకు చాల ముందుగనే ఈ సత్యమును పలికిరి.

వీధిమాట శాస్త్రపదమైన మరియొక చరిత్రయు ఇచ్చట స్మరణీయము. న్యూయార్కులో బీదలకు ఉచితవైద్యము చేయు ఆసుపత్రిలో రాత్రివేళల సేవచేసిన హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ అను మనస్తత్వశాస్త్రజ్ఞుడు, మత్తుమందులకు లోబడి జీవశక్తి నశించినవారిని వీధిలో 'బర్న్ట్ అవుట్' అనుట వినియుండెను. ఆ రోగులకు సేవచేసి సేవచేసి డస్సిన తన తోడివారికిని, తనకును ఆ మాటయే తగినదని 1974లో ఒక వ్యాసమున దానిని నిలిపెను. అంతకుముందే గ్రాహం గ్రీన్ తన నవలకు ఆ మాటను శీర్షికగా పెట్టియుండెను. అచ్చట అది కాంగోలో కుష్ఠవ్యాధి తన పని తాను చేసి చల్లారిన రోగిని సూచించినది. 2019లో ప్రపంచ ఆరోగ్యసంస్థ 'బర్నవుట్'ను రోగముగా గాక, ఉద్యోగమునకు సంబంధించిన పరిస్థితిగా తన వర్గీకరణమున చేర్చినది. మత్తునుండి అలసటకు, వీధినుండి జెనీవాలోని ఆ సంస్థ గ్రంథమునకు ఒక మాట అర్ధశతాబ్దిలో చేసిన ప్రయాణమిది.

సంగ్రహములన్నింటిని కాలక్రమమున పరచి చూచినవానికి స్పష్టపడు మార్పొకటి కలదు. ఫ్రాంక్లిను కాలపు మాటలలో యాత్రయు, నౌకయు, చంద్రుడును ఎక్కువ. ఇరువదవ శతాబ్దిలో యుద్ధములు గడచినకొలది 'బాంబ్డ్', 'బ్లిట్జ్‌డ్', 'బ్లాస్టెడ్', 'ట్రాష్డ్', 'వేస్టెడ్' అను ధ్వంసపుమాటలు ముందునకు వచ్చినవి. 1940లో లండనుపై జరిగిన బాంబుదాడులకు పెట్టిన 'బ్లిట్జ్' అను పేరు ఒక తరము గడువకముందే వారాంతపు త్రాగుడునకు పేరైనది. అలసటనుడులును ఈ మార్గమునే త్రొక్కినవి: పగిలినాడు, తుడిచిపెట్టబడినాడు, కాలిపోయినాడు. తేలికమైకమునకు 'టిప్సీ', 'మెర్రీ', 'స్క్విఫీ' వంటి లేతమాటలు ఇంకను కలవు గాని, కొత్తగా పుట్టి నిలిచినవానిలో పెక్కు నాశమును చెప్పునవియే. ఈ మాటలు వినువారిని నవ్వించును. ఆ నవ్వువలన, మనుష్యుడు తన్నుతాను విరిగిన వస్తువుగా పేర్కొనుచున్నాడను సంగతి మరుగుపడుచున్నది. మాటలు వ్యసనమును పుట్టింపవని నేనెరుగుదును. ఐనను మద్యముచే నిజముగా చెడినవానిని గూర్చి చెప్పుటకు పరిహాసము కలియని ఒక్క మాటకొరకు అతని యింటివారు తడుముకొనవలసివచ్చుట భాషకు ఐశ్వర్యమని నేను చెప్పజాలను. మూడువేల పేర్లున్నచోట అసలు పేరు పలుకుట కష్టమైనది.

తెలుగువారికి ఈ విచారముతో పనియేమని అడుగవచ్చును. నేడు మన పిల్లలు వేలకొలదిగా బ్రిటనులో, ఐర్లండులో, అమెరికాలో, ఆస్ట్రేలియాలో చదువుచున్నారు, ఆసుపత్రులలో పనిచేయుచున్నారు. డబ్లినులో ఒక రోగి తాను 'రెక్డ్' అన్నచో అతడు డస్సియున్నాడా, త్రాగియున్నాడా యని అచ్చట పనిచేయు మన యువవైద్యురాలికి తెలియవలెను. ఐర్లండున ఆ మాట తరచుగా అలసటనే చెప్పునని ఏ పాఠ్యపుస్తకమును ఆమెకు నేర్పియుండదు. 'పిస్డ్' అను మోటుమాట బ్రిటనున మైకమును, అమెరికాలో కోపమును చెప్పునని తెలియక మనవారు చిక్కుపడుచున్నారు. 'నాకర్డ్' అను మాటను స్నేహితులతో ననవచ్చును గాని పెద్దలయెదుట కొందరు దానిని మొరటుగా నెంతురని తెలిసికొనుటయు అవసరమే. మన ఆంగ్లాంధ్ర నిఘంటువులు నేటికిని మిల్టను చదువువానికొరకు కూర్చబడినట్లున్నవి. వానిని సంస్కరించు విశ్వవిద్యాలయములవారును, అకాడమీలవారును ఈ మాటలను తీసికొని, ఏ దేశమున ఏ యర్థమో, ఎవరియెదుట పలుకదగునో, ఎవరియెదుట తగదో గుర్తులతోసహా చేర్చి, సరియైన తెలుగు అర్థములతో ప్రకటింపవలెనని నేను మనసార కోరుచున్నాను. మూడువేలు అక్కరలేదు, నిత్యవ్యవహారమున నున్న నూరు మాటలను శ్రద్ధతో చేర్చినను చాలును.